ఎండ్రకాయల దావత్, ఆరిన పొయ్యిలు

అరవై మందిని దావత్‌కు పిలిచి, వాళ్ల ఇళ్లల్లో పొయ్యి ముట్టించనీయకుండా చేసి, సాయంత్రం నాలుగింటి దాకా ఒక్కరికీ ఒక్క మెతుకు పెట్టని మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నిజానికి సిగ్గుపడుతూ చెప్పాల్సిన సంగతి ఇది. కానీ ఏం చేయను, చెప్పిన ప్రతిసారీ నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బుతుంది. ఎందుకో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

తొంభైల మొదట్లో మాట. మా ఊరు తిరుమలగిరి పక్కన. నేను మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. ఉద్యోగం కొత్త, స్కూటర్ కొత్త, పెళ్లాం కొత్త. తలకాయ ఒక్కటే పాతది, దాన్ని నేను పెద్దగా వాడింది కూడా లేదు.

ఫ్యాక్టరీలో నా జోడీ రంగారావు, బందరు మనిషి. ఒక ఆదివారం సాయంత్రం మా ఐదుగురినీ కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లాడు. పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు మరిగించి ఎండ్రకాయలు, రొయ్యలు, మక్కకంకులు, ఆలుగడ్డలు అన్నీ అందులోనే వేసి ఉడికించాడు. నీళ్లు వంపేసి అరిటాకుల మీద కుమ్మరించాడు. "కంచాలూ గరిటెలూ ఏం అక్కర్లేదండీ, విరుచుకుని లాగించెయ్యడమే" అన్నాడు. లాగించాం. ఆ రుచికి నాకు మతి పోయింది. ఇది మా ఊరికి చూపించకపోతే నా బతుకెందుకు అనుకున్నాను.

అవకాశం ఆరు నెలల్లోనే వచ్చింది. కొత్త కోడలు వచ్చిన సంతోషంలో బాపు దావత్ పెడతానన్నాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి పిల్లనిచ్చిన మా మామ వాళ్లు రావాలి, ఊళ్లో దోస్తులు రావాలి. మా బాపుకు ఉన్న ఆస్తి మూడెకరాల చెలక, ఒక మాట. "మన ఇంటికాడికెళ్లి ఇయ్యాల్టి దాక ఎవ్వడు ఆకలితోని పోలే" అన్నదే ఆ మాట. చెలక పట్టా కాగితం ఎక్కడుందో ఆయనకు ఒక్కోసారి గుర్తుండేది కాదు గానీ, ఈ మాట మాత్రం రోజుకు రెండుసార్లు బయటికి తీసేవాడు.

"యాటను కోద్దాం బిడ్డా. బగార అన్నం, కూర. ఖాజా ఉండనే ఉండె" అన్నాడు.

ఖాజా చాచా బాపుకు చిన్ననాటి దోస్తు. చుట్టుపక్కల ఏ దావత్ జరిగినా ఆయన గంటె తిప్పాల్సిందే.

"యాటలు అందరు కోస్తరు బాపూ. గీసారి వంట నాది. నువ్వు పిలుపులు జేసి కూసో. జర ఫికర్ చెయ్యకు."

"నీదా?" అని బాపు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "సరే, అయితే అందరికి చూల్‌బంద్ చెప్తున్న."

చూల్‌బంద్ అంటే మాటలు కాదు. ఇంటిల్లిపాదికీ పిలుపు. ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగకూడదు. వెలిగిందా, పిలిచినవాడి పరువు పోయినట్టే. నేను ఖాజా చాచా దగ్గరికి స్వయంగా వెళ్లాను.

"చాచా, రేపు నువ్వు గంటె ముట్టొద్దు. మెహమాన్ లెక్క కూసొని తినాలె."

"మంచిదే బిడ్డా. బియ్యం ఎంత నానవెడ్తున్నవ్?"

"బియ్యం గియ్యం ఏం లేవు చాచా!"

చాచా పడీపడీ నవ్వాడు. నేను మజాక్ చేస్తున్నానని అనుకున్నాడు పాపం.

తెల్లారేసరికి రంగారావు పంపిన ఎండ్రకాయల గంపలు బస్సులో సూర్యాపేట దిగాయి. వాటిని జీపులో చెలకకు చేర్చాను. చింతచెట్ల నీడలో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద ఇత్తడి గుండిగ ఎక్కించాను. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పన్నెండింటికల్లా చుట్టాలు, దోస్తులు దిగారు. అలవాటు ప్రకారం వరసగా బంతి కూర్చున్నారు, విస్తళ్ల మీద నీళ్లు చిలకరించుకున్నారు. నేను నడుమ పరిచిన ఆకుల మీద గుండిగ కుమ్మరించి, ఇంద్రజాలం చేసినవాడిలా రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ఎర్రగా, పొగలు కక్కుతూ, గుట్ట!

"మస్తుగున్నదిర అల్లుడా," అన్నాడు మామ. "ఇగ అన్నం పట్టుకరా."

"అన్నం లేదు మామా."

"ఇంక ఉడకలేదా? పర్వాలే, కూసుంటం."

"ఉడకలేదని గాదు. వండలే. గిదే దావత్. గిట్ల విరిసి తినాలె."

 మా అవ్వ లేచి వచ్చి, కట్టెతో గుట్టను అటూ ఇటూ కదిలించి చూసింది.

"ఓ పోరడా, మంచిగనే కడిగిపెట్టినవ్. మరి వండేదెప్పుడు?"

"వండిన అవ్వా! గిది వండిందే!"

"కారమేదిర? పులుసేదిర?"

మామ నా మొహం చూసి జాలిపడి ఒక ఎండ్రకాయ డెక్క తీసుకుని పటుక్కున కొరికాడు. డెక్క విరగలేదు, పన్ను కదిలింది. ఆయన చెంప పట్టుకుని చాలా మర్యాదగా "రుచిగనే ఉన్నదే" అన్నాడు. ఆ మర్యాద నన్ను చెంపదెబ్బ కంటే గట్టిగా తాకింది.

చివర్లో ఖాజా చాచా, ఆయన ఇంటిల్లిపాదీ ఖాళీ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు.

"తిను చాచా."

"బిడ్డా, మేము ఎండ్రికాయ ముట్టం. నీకు ఎరుకనే గద!"

ఎరుకే. చిన్నప్పుడు సగం రోజులు వాళ్లింట్లోనే తిన్నవాణ్ణి. అది కూడా మరిచిపోయాను.

"ఆలుగడ్డన్న తిను చాచా."

"గది గూడ గా నీళ్లల్లనే ఉడికింది గద," అన్నాడు, నేను నొచ్చుకుంటానేమోనని నవ్వుతూ.

పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. "పోయి ఇంత సల్ల బువ్వన్న తిందామంటే, పొయ్యిలు బందు వెట్టిస్తిరి గదనే!" అని ఒక పెద్దమ్మ గొణిగింది. బాపు బావి గట్టు మీద నిలబడి తువ్వాలను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండు. దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగాడు.

"మీ దోస్తు గిది తినిపిచ్చిన నాడు, తర్వాత మీరు అన్నం తిన్నరా, తినలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కృష్ణ ఒడ్డు నుంచి నేరుగా మెస్సుకు వెళ్లి, పప్పుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి, రంగారావుతో సహా అందరమూ సుష్ఠుగా అన్నం తిన్నాం. బందరువాళ్లకూ అది సాయంత్రం చిరుతిండే గానీ దావత్ కాదు!

"తిన్నం బాపూ."

"ఆఁ," అన్నాడు బాపు.  జీవితమంతా కాపాడుకున్న మాట కొత్త వియ్యంకుడి ముందు పోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పరుగెత్తి చాచా ముందు నిలబడ్డాను. "చాచా... గంటె..."

చాచా అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. "మెహమాన్‌ను గద బిడ్డా. నువ్వు చెప్పేదాక లేవొద్దని కూసున్న!"

ఆ తర్వాత చూడాలి. ఇంటి నుంచి బియ్యం బస్తా వచ్చింది. చాచా ఇంటి నుంచి ఆయన సొంత దేగ్చా వచ్చింది. మామ పంచె ఎగ్గట్టి ఉల్లిగడ్డలు కోశాడు, కళ్లు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు. ఇంకో పక్క అవ్వ "జరుగు, నువ్వు కడిగింది నేను వండుత" అని నన్ను తోసేసి, ఎండ్రకాయలు పగలగొట్టి చింతపండు, కారం, ఎల్లిపాయ వేసి పులుసు పెట్టింది. చాచా వాళ్ల కోసం వేరే గిన్నెలో పచ్చిపులుసు కలిపింది.

నాలుగింటికి బంతి పడింది. బగార మీద ఎండ్రకాయల పులుసు! మామ పన్ను సంగతి మరిచి మూడుసార్లు వడ్డించుకున్నాడు. పిల్లలు తింటూనే నిద్రలోకి జారారు. బాపు అందరికంటే చివర తిని, చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి నా వీపు మీద వేశాడు.

"ఎవ్వడు ఆకలితోని పోలే," అన్నాడు.

పులుసు కారం ఎక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. అవ్వ పులుసులో కారం సరిగ్గానే ఉందని మీకు మాత్రం చెప్తున్నాను.

ఇప్పుడు మా వైపు దావత్‌లలో బగార మీద ఎండ్రకాయల పులుసు పెట్టేవాళ్లున్నారు. వండింది అవ్వ కావచ్చు, అన్నం చాచాది కావచ్చు. ఊరికి ఎండ్రకాయను తెచ్చిందెవరు? అందుకే నా ఛాతీ ఉబ్బేది. అయితే ఊరు నా మీద పెట్టుకున్న నమ్మకం ఎంతటిదో రెండేళ్ల తర్వాత తమ్ముడి పెళ్లప్పుడు తెలిసింది. బాపు శుభలేఖలో ముహూర్తం కింద ఒక వాక్యం పట్టుబట్టి అచ్చు వేయించాడు: "విందులో అన్నం వడ్డించబడును." అయినా సగం మంది ఇంట్లో తినే వచ్చారు.

కాబట్టి చింతచెట్ల సాక్షిగా, కదిలిన మామ పన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బియ్యం నానబెట్టకుండా ఇక ఈ జన్మలో ఎవరింటి పొయ్యీ ఆర్పించను. ఖాజా చాచా గంటె మీద ఒట్టు.