బానెట్ మీద కర్పూరం

పాకాలలో ఒక రైసుమిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి తుప్పుపట్టి పడి ఉన్న ఖరీదైన పాత విదేశీ కారును కొన్నాను. ఇంజను, సీట్లు బాగుచేయించి, చివరికి తిరుపతిలో నల్లరంగు కొట్టించేసరికి ఏడాదిన్నర పట్టింది. వేలికి ఉంగరం ఉన్నవాళ్లను దాని దరిదాపులకు రానివ్వలేదు. పూజ రోజు కారుకు బొట్లు పెట్టబోయిన మా ఆవిడను, రంగు పాడవుతుందని నలుగురిలో కసిరాను.

పూజారి హారతి పళ్లెం మరిచిపోయి వచ్చాడు. ఆలస్యమవుతోందని విసుక్కుంటూ కర్పూరం బిళ్లను నేనే బానెట్ మీద పెట్టి వెలిగించాను, మా నాయన తన లారీ బంపరు మీద వెలిగించినట్టే. హారతి కళ్లకద్దుకొని చూస్తే, అక్కడ రంగు రూపాయి బిళ్లంత మేర బొబ్బలెక్కింది.

మా ఆవిడ కుంకుమ భరిణె తెరిచి, "ఇప్పుడన్నా బొట్టు పెట్టేదా? మచ్చ కనబడకుండా ఉంటాది" అంది.

నేను పక్కకు జరిగాను.