వద్దన్నా వదలని విల్లా

ముందే ఒప్పేసుకుంటున్నాను, చిటికెడు జరిగితే గంపెడు చెప్పే రకం నేను. రేపల్లె పాసింజరు పది నిమిషాలు ఆగితే పట్టాల మధ్య వరి కోతకొచ్చిందంటాను. ఆ లెక్కన తగ్గించుకుని చదవండి.

తొంభైల మొదట్లో, తెనాలిలో డిగ్రీ అయిపోయి టీకొట్లను పోషిస్తున్న ఆ రోజుల్లో, బాపట్ల సముద్రం దగ్గర మా బాబాయికి తెల్లదొరల కాలంనాటి బంగళా ఉండేది. దాని దూలాల మీద ఎడ్లబండి తోలొచ్చు. సున్నం వేయించి, 'విల్లా' అని బోర్డు కట్టించి, నన్ను మేనేజరును చేశాడు. "మొదటొచ్చేవాళ్లు మెచ్చుకుంటే సరేరా. లేదంటే ఇల్లు రొయ్యల మేత గోడౌనుకిచ్చేస్తా, నువ్వు బస్తాలు మోద్దువుగాని" అన్నాడు.

మొదటొచ్చింది హైదరాబాదు లెక్చరరుగారూ, ఆయన భార్యా. "ప్రశాంతత చాలు. ఎవరూ రానక్కర్లేదు, భోజనం గుమ్మం దగ్గర పెట్టేయండి" అని ముందే ఉత్తరం రాశారు. అది చదివి పిన్ని కళ్లొత్తుకుంది. "పాపం, ఎంత మొహమాటస్తులో."

మా వైపు వద్దన్నవాళ్లకే ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది మరి. పిన్ని దగ్గరుండి తలా పదిహేడు పెసరట్లు తినిపించింది. పక్కింటి టీచరమ్మగారు కేకు తెచ్చి, వాళ్లకోసం ప్రార్థన చేసి, పిల్లలెందరో కనుక్కుని వెళ్లారు. ఆయన పుస్తకం తెరిస్తే, పాపం తోచడం లేదు కాబోలనుకుని పేపరు చదివి వినిపించాను (టెండరు ప్రకటనలతో సహా). అలల దగ్గరకెళితే గొడుగు పట్టుకుని వెంటపడ్డాను.

"నువ్వెళ్లు బాబూ."

"పర్లేదండి, నాకేం పనుందని."

మర్నాడు పొద్దున గది ఖాళీ. పెట్టెలున్నాయి, మనుషుల్లేరు. నా కళ్లముందు రొయ్యల మేత బస్తాలు కొండలా లేచాయి. సైకిలేసుకుని ఊరంతా గాలిస్తే బాపట్ల బస్టాండులో దొరికారు. హారన్లు, వేరుశనక్కాయల కేకల మధ్య బెంచీ మీద కూర్చుని హాయిగా పుస్తకాలు చదువుకుంటున్నారు.

"ఇదేంటండీ, ఇక్కడ?"

"ఇక్కడ మమ్మల్నెవరూ పలకరించడం లేదు బాబూ" అందావిడ.

గోడౌను సంగతి చెప్పి బతిమాలాను. ఆవిడ నవ్వి, మూడు రోజులు మా మానాన మమ్మల్ని వదిలేస్తే ఉంటామంది. పిన్నిని రేపల్లె పుట్టింటికి బస్సెక్కించాను. వాళ్లు మెచ్చుకున్నారు, విల్లా నిలబడింది.

పెసరట్లు నిజం, బస్టాండూ నిజం. అబద్ధం ఎక్కడంటే, పెట్టెలు గదిలో లేవు, వాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నాయి. నేను బతిమాలేలోపే బస్సొచ్చింది. నెల తిరక్కుండా గోడౌనూ వచ్చింది, బస్తాలు నేనే మోశాను.

మొన్న ఆ దంపతులు కోరుకున్నట్టే ప్రశాంతంగా ఉండే ఖరీదైన విల్లాలో దిగాను. మధ్యాహ్నం దాకా ఒక్కరూ తలుపు తట్టలేదు. ఇక ఉండబట్టలేక, గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని, "ఏ ఊరు బాబాయ్ మనది?" అని మొదలుపెట్టాను.