ఆపేసిన బండి చప్పుడు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను నేను నా షెడ్డులో కూర్చోనివ్వను. బండి దానంతట అదే స్టార్ట్ అయిందని ఎవరైనా అంటే వైరింగ్ ఎక్కడ కలిసిపోయిందో వెతుకుతాను. ముప్పై ఏళ్ళుగా తమిళనాడులోని గుడియాత్తంలో మోటార్ సైకిళ్ళు బాగుచేస్తున్నాను. వెతికితే కారణం దొరకని చప్పుడు ఒక్కటీ నాకు ఎదురుపడలేదు, ఆ ఆదివారం దాకా.

ఇది ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గానీ, ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మా అమ్మ చిత్తూరు మనిషి కాబట్టి నాకు నేర్పింది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ముందు నా చెవి సంగతి చెప్పాలి. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో వినడానికి మేము పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాం. ఏది అరిగిందో, ఏది వదులైందో దాంతోనే తెలిసిపోతుంది. ఆ పనిలో నాకు పేరుంది. కే.వి.కుప్పం నుంచి, పళ్ళికొండ నుంచి కూడా నా చెవి కోసమే బండ్లు తెస్తారు.

రెండేళ్ళ క్రితం ఒకరోజు నిద్ర లేచేసరికి కుడి చెవి పోయింది. తగ్గుతుందిలే అని నెల రోజులు ఊరుకున్నాను. వేలూరు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, నరం చచ్చిపోయిందని, ఇక రాదని చెప్పారు. ఎడమది కూడా మందగిస్తోందన్నారు. వాళ్ళిచ్చిన రిపోర్టు కాగితాన్ని పనిముట్ల పెట్టె అడుగున దాచేసి, స్క్రూడ్రైవర్‌ను ఎడమ చెవికి మార్చుకున్నాను. చెవి పోయిందని తెలిస్తే నా దగ్గరికి ఎవరు వస్తారు? వినపడనప్పుడు అనుభవం మీద ఊహించి చెప్పేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది.

మా అల్లుడు దాము ఒక పాత అడ్వెంచర్ టూరింగ్ బండి కొన్నాడు. రెండు సిలిండర్లు, గుర్రమంత ఎత్తు, ఇతను దానికి నాలుగో యజమాని. కొండలెక్కడానికి చేసిన బండి. ఇతనేమో దాని మీద మా అమ్మాయి రేవతిని రోజూ పళ్ళికొండ మీదుగా హైవేలో వేలూరు తీసుకెళ్ళి, ఆమె పనిచేసే ల్యాబ్ దగ్గర దించుతాడు.

దాన్ని సర్వీసు చేయడానికి మూడు వారాలు పట్టింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల సీళ్ళ నుంచి నూనె కారుతోంది, బ్రేకులు పట్టేశాయి, బోల్టులు తుప్పుపట్టి తలలు ఊడొస్తున్నాయి. నా నడుము పడిపోయింది. దాము మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు.

"మామా, ఇంజన్లో సన్నగా టకటకమంటా ఉండాది, విన్నావా?"

"పాత బండి కదప్పా, అట్లనే ఉంటాది" అన్నాను.

నేను వినలేదు. నాకు వినపడలేదు. పైమూత తీసి చూడాలంటే ట్యాంకు, ప్యానెళ్ళు అన్నీ విప్పాలి, రెండు రోజుల పని. నా ఒంట్లో అంత ఓపిక లేదు. ఇంజన్లో ఏమీ లేదని తేల్చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాము బండి తీసుకుపోవడానికి వచ్చాడు. మర్నాటి నుంచి మళ్ళీ ఇద్దరూ దాని మీదే వెళ్ళాలి. స్టార్ట్ చేసి కాసేపు ఉంచాడు. ఎడమ చెవికి గుయ్‌మని తప్ప ఇంకేమీ తెలియలేదు. బాగుందన్నట్టు తలూపాను.

తర్వాత బండి పక్కన గొంతుకూర్చుని నూనె మరకలు తుడుస్తున్నాను. బాగా అలిసిపోయి ఉన్నాను. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. పాత అలవాటు కొద్దీ దాన్ని ఇంజన్ మీద ఆనించి, పొరపాటున కుడి చెవికే పెట్టుకున్నాను.

వినిపించింది. నా చెవి బాగున్న రోజుల్లో ఎలా వినిపించేదో అంత స్పష్టంగా. రెండు దెబ్బలు, ఒక గీకుడు. మళ్ళీ రెండు దెబ్బలు, ఒక గీకుడు.

"ఆపప్పా, బండి ఆపు!" అని అరిచాను.

దాము కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. "ఏం ఆపేది మామా? ఎప్పుడో ఆపేసినా" అని, వేలికి తగిలించుకున్న తాళం చూపించాడు.

స్క్రూడ్రైవర్ తీయకుండానే సైలెన్సర్ వెనక చేయి పెట్టి చూశాను. గాలి రావడం లేదు. చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. పిడి తీసి మళ్ళీ పెట్టేసరికి ఏమీ లేదు.

నేను విన్నది దాముకు చెప్పలేదు. బండి స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ అతని చేతికిచ్చి, ఏం వినిపిస్తే అది ట్యాంకు మీద వాయించి చూపించమన్నాను. వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు. ఆపైన గోటితో ఒకసారి గీకాడు.

ఆ సాయంత్రమే విప్పడం మొదలుపెట్టాం. మర్నాడు పైమూత తీసి చూస్తే, ఇంజన్ లోపలి టైమింగ్ చైన్‌ను దారిలో పట్టి ఉంచే గైడ్ నిలువునా పగిలి, ఒక ముక్క వేలాడుతోంది. అది చైన్‌లో పడితే వేగంలో ఉన్న ఇంజన్ బిగుసుకుపోతుంది, చక్రం తిరగడం మానేస్తుంది. వెనక సీటులో నా కూతురు, ఆమె వెనక లారీలు.

"బాగుండాదని చెప్పినావే మామా" అన్నాడు దాము. కోపంగా అనలేదు. అదే నన్ను చంపేసింది. పెట్టె అడుగునున్న కాగితం తీసి చూపించాను.

రేవతి ఆ కాగితం రెండుసార్లు చదివింది. "రెండేండ్లా నాయనా? నీ కుడిపక్కన కూర్చోని నేను చెప్పిందంతా యాడ పోయినట్టు?" అని ఏడ్చింది.

పక్క సందులో లుంగీ మగ్గాలున్నాయి, ఆ చప్పుడేమోనని విచారించాను. ఆదివారం అవి ఆడలేదు. రేవతి పట్టుబట్టి మళ్ళీ వేలూరు తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. కుడి చెవి సున్నా. పుర్రె ఎముక ద్వారా చప్పుడు రెండో చెవికి చేరుతుందట. చేరనీ, ముందు ఇంజన్ తిరగాలి కదా. తప్పు చేశానన్న భయంతో మనసే కల్పించిందనుకుందామంటే, అంతకుముందు ఆ చప్పుడు నేను ఒక్కసారి కూడా వినలేదు. వినని చప్పుడును మనసు ఎక్కడి నుంచి తెచ్చింది? నాకు తెలియదు. వెతకడం మానేశాను.

ఇప్పుడు వచ్చినవాళ్ళకు నా చెవి సంగతి చెప్పేస్తున్నాను. కొందరు రావడం మానేశారు. కొందరు స్క్రూడ్రైవర్ తామే చెవికి పెట్టుకుని విన్నది చెబుతారు, అదేమిటో నేను చెబుతాను.

దాము బండి మాత్రం ఆదివారం ఆదివారం షెడ్డుకు రావాలి. ఇంజన్ ఆపించి, తాళం నా జేబులో వేసుకుని, స్క్రూడ్రైవర్ కుడి చెవికి పెట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఏమీ వినపడలేదని నమ్మకం కుదిరాకే తాళం తిరిగి ఇస్తాను.