శనివారం పంచుకుని తినే బడి

నాకు నాలుగేళ్లు నిండి ఐదు నడుస్తున్నప్పుడు... శనివారం వచ్చిందంటే మా శిశు తరగతిలో బెంచీలు గోడకు జరిపి, నేల మీద పొడుగు చాప పరిచేవాళ్లు. ఇరవై మంది పిల్లలం ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ డబ్బాల మూతలు తీసేవాళ్లం.

ఎమ్మిగనూరులో ఒక అద్దె ఇంటి ముందు గదుల్లో నడిచే చిన్న బడి అది. చేర్చిన రోజే పెద్దవాళ్ల చేతికి నియమాల కాగితం ఇచ్చేవాళ్లు. గోళ్లు కత్తిరించి పంపాలి... చొక్కాకు పిన్నీసుతో చేతిగుడ్డ పెట్టాలి... తొమ్మిది దాటితే గేటు తీయరు... అన్నిటికన్నా కింద, శనివారం పిల్లలందరూ తెచ్చుకున్నది పంచుకుని తింటారు, దానివల్ల కలుపుగోలుతనం అలవడుతుంది, అని ఉండేదట. మగ్గం నేసే మా నాన్న ఆ వాక్యాన్ని అంటూముట్టూ చూసే నాయనమ్మకు రెండుసార్లు చదివి వినిపించాడని అమ్మ చెప్పేది.

మిస్సు చెంచా పట్టుకుని వరసగా వచ్చేది. ఒక్కో డబ్బాలోంచి కొంచెం తీసి పక్కవాళ్లకు వేసేది. నా బొరుగుల ఉగ్గాని ఇంకొకరికి, ఇంకొకరి చిత్రాన్నం నాకు. నా పక్కన కూర్చునే సువార్త డబ్బాలోకి కూడా అందరిదీ వేసేది... కానీ ఆ డబ్బాలోంచి ఎప్పుడూ ఏమీ తీసేది కాదు.

సువార్త వాళ్లు చర్చి వెనక వీధిలో ఉండేవాళ్లు. అమ్మానాన్నా ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. ఆ వీధి నుంచి మా బడికి వచ్చే పిల్ల తను ఒక్కతే.

తను తెచ్చింది అందరికీ చాలదని మిస్సు తీయడం లేదనుకుంది సువార్త. మరుసటి శనివారం పెద్ద డబ్బా తెచ్చింది. అప్పుడూ తీయలేదు. జొన్నరొట్టె, శనక్కాయల పొడి మిస్సుకు నచ్చవేమో అనుకుంది. ఆ పై శనివారం ఓళిగలు తెచ్చింది. వాళ్లమ్మ శనగబేడలు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి, పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగలు... మూత తీయగానే గదంతా నెయ్యి వాసన.

"మా యమ్మ అందరికీ సేసింది మిస్సూ" అంది.

మిస్సు విననట్టే ముందుకు జరిగిపోయింది. సువార్త ఒక ఓళిగ తీసి నా చేతిలో పెట్టింది. నేను కొరికాను. ఇంకా నములుతూనే ఉన్నాను... మిస్సు వెనక్కి తిరిగి చూసింది. నా చేతిలోది విదిలించి పడేసి, నన్ను రెక్క పట్టుకుని లేపింది.

"ఉమ్మేసి రాపో. నోరు కడుక్కో. మీ ఇంట్లో తెలిస్తే నన్నడుగుతారు."

తొట్టి దగ్గరికి పోయి ఉమ్మాను. మూడుసార్లు పుక్కిలించాను. తిరిగొచ్చేసరికి బడి ఊడ్చే ఆయమ్మ ఆ ఓళిగను కాగితంతో ఎత్తి, చెయ్యి దూరంగా చాచి, చెత్తబుట్టలో పడేస్తోంది. సువార్త డబ్బాకు మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగింది. నాయనమ్మకు చెప్పొద్దని మాత్రం అని, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. మా అమ్మ మంచిదే... ఆ మంచితనం అంతవరకే.

సోమవారం సువార్తను వెంటబెట్టుకుని వాళ్లమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, డబ్బాలో పురుగో వెంట్రుకో కనిపించిందా అని మెల్లగా అడిగింది. అలాంటిదేమీ లేదని, తీపి తింటే పిల్లలకు కడుపులో పురుగులు పడతాయని, అది బడి నియమమని మిస్సు నవ్వుతూ చెప్పింది. ఓళిగలు పారేయించిన ఆ శనివారమే ఇంకొకరింటి లడ్డూలు మిస్సే తన చేత్తో అందరికీ పంచింది.

ఆ తల్లి నా వైపు తిరిగింది.

"నువ్వే గదా పాపా తినింది... బాగలేదా?"

మిస్సు నన్నే చూస్తోంది.

"బాగలేదు" అన్నాను.

"అట్లనా... మాడినట్టుండాదిలే" అంది ఆమె, తప్పు తనదే అయినట్టు. సువార్త మాత్రం నా మొహంలోకి సూటిగా చూసింది. ఐదేళ్ల పిల్లకు నేను అబద్ధం చెప్పానని తెలుసు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. గవర్నమెంటు బడిలో వేశారని, తర్వాత కుటుంబమంతా పనులకు వలస పోయిందని ఎవరో అంటే విన్నాను.

ఆ మిస్సు తలపుకొస్తే రోత పుడుతుంది. నేను తలపుకొస్తే ఇంకా ఎక్కువ...

ఇప్పుడు ఆదోనిలో ఉంటున్నాం. ఈ ఏడు మా పాపను ఎల్‌కేజీలో వేద్దామని ఒక పెద్ద స్కూలుకు పోయాం. తల్లిదండ్రులకని రంగురంగుల పుస్తకం ఇచ్చారు. వారానికొకసారి 'షేరింగ్ డే' అట. దాని కింద సన్నటి అక్షరాలు... గుడ్డు, మాంసం, ఘాటు వాసన వచ్చే ఇంటి వంటలు తెచ్చే పిల్లలకు వేరే టేబుల్ ఉంటుందని.

ఎందుకలా అని అడిగాను. ఫారంలో మా ఇంటిపేరు ఒకసారి చూసి, మేడం గొంతు తగ్గించింది.

"కొందరు పేరెంట్స్ ఫీలవుతారండీ. మీ పాపకేం ఇబ్బంది ఉండదులెండి."

ఆ 'మీ పాపకేం' అన్న మాటకు పుస్తకం మూసి ఆమె ముందు పెట్టాను. ఆ టేబులైనా తీసేయండి, మా ఫారమైనా ఇచ్చేయండి అన్నాను. ఆమె నవ్వుతూనే ఫారం ఇచ్చేసింది. పక్క స్కూల్లో మాత్రం ఏం మారుతుందని బయటికొచ్చాక మా ఆయన అన్నాడు. నిజమే... ఇంకో రెండు చూశాం, అదే పద్ధతి.

పాప ఇప్పుడు మా వీధి చివరి అంగన్‌వాడీకి పోతోంది. అక్కడికి ఎవరి పిల్లలు వస్తారో చూసి, మా వీధిలో సగం మంది తమ పిల్లల్ని పంపరు.

మా రోజుల్లో నోటితో చెప్పలేక పక్కకు జరిగిపోయేవాళ్లు. ఇప్పుడు మంచి కాగితం మీద అచ్చు వేసి చేతికిస్తున్నారు... మారింది ఇంతే.

మీ శిశు తరగతిలోనూ ఒకరోజు ఉన్నట్టుండి రావడం మానేసిన పిల్లలు ఉండే ఉంటారు. ఎందుకు మానేశారో మీకు తెలిసే ఉంటుంది. అది రాయండి... చదువుతాను.