గుప్తదానం చేసిన సేటు

హన్మకొండలో చిన్న ట్రస్టుల లెక్కలు సరిచేసి సర్కారుకు పంపే ఆడిటర్ సార్ దగ్గర కొన్నాళ్లు పనిచేశాను. వచ్చినవాళ్లు చెప్పేదంతా వినేదాకా ఆయన పెన్ను మూత తీసేవారు కాదు. ఎందుకని ఏనాడూ అడగలేకపోయాను.

ఒకరోజు చూపులేని ఆడపిల్లల హాస్టల్ నడిపే అక్క, పెద్ద దానం చేసిన ఎవరో సేటును వెంటబెట్టుకొని వచ్చింది.

"గుప్తదానం సార్. పేరు బయటపడితే పుణ్యం పోతది," అన్నాడు సేటు.

"పేరు లేకుంటే హాస్టల్ మీద పన్ను పడతది సేటూ. పిల్లల బువ్వల కోత పడతది," అన్నారు సార్.

అక్క తల దించుకుంది. సార్ సేటు వైపు వంగారు.

"పేరు కాగితంల ఉండాలె గాని, మైకుల చదవాలని చట్టంల లేదు గద!"

సేటు నవ్వి, సార్ చెవి దగ్గర పేరు చెప్పాడు. పక్క బల్ల దగ్గర నేనెంత చెవి రిక్కించినా వినపడలేదు.