గుండీల చప్పుడు ఆగినచోట

పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నాక, కొట్టు షట్టరు పైకెత్తకముందు, ఆమె తప్పకుండా చేసే పని ఒకటుండేది. వెనకగదిలో అత్తగారి మంచం పక్కన చెక్కస్టూలు మీద కూర్చుని, కొంగుతో ఫోను అద్దం తుడుచుకుని, తను రాసిన కథాభాగం పైకి చదివేది. అత్తగారికి అక్షరం రాదు. ఒళ్ళో పాత బిస్కెట్ల డబ్బా పెట్టుకుని, అందులో కలగాపులగంగా పడి ఉన్న గుండీలను తడిమి వేరుచేస్తూ వినేది. చొక్కా గుండీలు ఒకవైపు, కోటు గుండీలు ఇంకోవైపు. కథ మామూలుగా సాగినంతసేపూ డబ్బాలో గలగల వినబడుతూనే ఉండేది. మనసుకు పట్టినచోట ఆ గలగల ఆగిపోయేది.

కోడలికి అదే కొలత. చప్పుడు ఆగినచోటు అలాగే ఉంచేది. ఎంతకీ ఆగలేదంటే ఆ ముక్క తీసేసేది, పొడుగైన ప్యాంటును అడుగున కత్తిరించి మడిచి కుట్టినట్టే. ఆ తర్వాతే కథ యాప్‌లోకి ఎక్కేది.

ఆమెది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టేవాళ్ళు ఆ వీధిలో ఇంకా ఉన్నారుగానీ, నడుము వదులు చేయాలన్నా, చిరుగు కనబడకుండా అతకాలన్నా, జిప్పు మార్చాలన్నా అందరూ ఈమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె జిప్పులక్క. భర్త దూరపు లారీలు నడుపుతాడు. ఇంటికి వచ్చిన రోజులకంటే ఫోనులో పలకరించిన రోజులే ఎక్కువ. కాబట్టి ఇల్లంటే ఈ ఇద్దరాడవాళ్ళూ, ఒక కుట్టుమిషనూ, దానిమీద ఎప్పుడూ సగం విప్పి ఉండే ఎవరిదో ఒకరి ప్యాంటూ.

కథ మొదలైంది కూడా ఆ వెనకగదిలోనే. ఒక వానాకాలం అత్తగారికి జ్వరం తగిలింది. జ్వరంలో ఆవిడ చిన్నప్పటి సంగతులు చెప్పుకుపోయింది. ఆవిడ తండ్రి రైలు గేటు కాపలాదారు. పట్టాల పక్కన ఒక్క గది, ఆ గదిలో అక్కచెల్లెళ్ళు, గోడకు వేలాడే దీపం. రైలు ఇంకా కనబడకముందే పట్టాలు సన్నగా పాడేవట. ఆ పాట మొదట ఎవరికి వినబడితే వాళ్ళే పరుగెత్తి తండ్రిని లేపాలట. "ఎప్పుడూ నాకే వినబడేది" అంది అత్తగారు, జ్వరంలో కూడా గర్వంగా.

పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తున్న కోడలు ఆ మాటలు మరిచిపోతానేమోనని ఫోనులో రాసి పెట్టుకుంది. బ్యాగు కుట్టించుకోవడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి ఒకతె అది చదివి, "అక్కా, దీన్ని కథల యాప్‌లో పెడదాం, నేను నేర్పిస్తా" అని, బ్యాగు సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుని నేర్పించి వెళ్ళింది. అలాంటి చిన్న సాయాలతోనే దేవుడు మనుషుల బతుకులు మలుపు తిప్పుతుంటాడు. 'గేటు గది పిల్లలు' అని పేరు పెట్టిన ఆ కథ వారం వారం సాగింది. చదివేవాళ్ళు పెరిగారు.

"నా నోట్లో మాటలు తీసుకెళ్ళి లోకమంతా పంచుతున్నావు. నాకేమైనా మిగులుస్తావా?" అనేది అత్తగారు.

"మీ మాటలే అత్తయ్యా. నేను కాజాలు మాత్రమే కుడుతున్నా."

"కాజాలు కూడా వంకరగానే ఉన్నాయి. గేటు వేసేటప్పుడు మా నాన్న ముందు అటువైపు రోడ్డు చూసేవాడు, ఇటువైపు కాదు. మార్చు."

ఆవిడ ఏనాడూ బాగుందని అన్న పాపాన పోలేదు. బాగుంటే గుండీలు ఆగేవి, అంతే. బాగోకపోతే మాత్రం నోరు ఆగేది కాదు. "మీ పెద్దక్క పాత్ర ఇలా ఏడుస్తుంది" అని చదివితే, "అది ఏడవడమా? అది పుట్టాక నవ్వింది కూడా తక్కువే, ఏడ్చింది కూడా తక్కువే. నీ ఏడుపు దానికి అంటగట్టకు" అనేది. ఆ దెప్పులు తింటూ, మధ్యలో నవ్వుకుంటూ, ఒక్కోసారి షట్టరు తీయడం ఆలస్యమై బయట ఎవరో తలుపు తట్టేదాకా ఇద్దరూ ఆ గేటు గదిలోనే ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు ఆ పొద్దులన్నీ ఒకే పొడుగాటి పొద్దులా అనిపిస్తాయి.

ఒకరోజు చదవడం ముగించగానే అత్తగారు, "బాగుంది" అంది.

కోడలు పొంగిపోయింది. ఇన్నాళ్ళకు ఆ నోటినుంచి ఆ మాట! మరుసటి రోజు కూడా "బాగుంది" అనే అంది. ఆ పై వారాల్లో కూడా అంతే. గుండీలు గలగలమంటూనే ఉన్నాయి, నోరు బాగుందంటూనే ఉంది. పెద్దతనం వచ్చి మెత్తబడిందనుకుందిగానీ, కోడలికి ఇంకో ఆలోచన రాలేదు. అలాగే కథ యాప్‌లో పెడుతూ పోయింది.

అప్పుడే ఒక తప్పు జరిగింది. గేటు తీసి ఉంది, గడ్డిబండి పట్టాల మధ్యలో ఉంది, తండ్రేమో వచ్చే రైలుకు పచ్చదీపం చూపించాడు అని రాసేసింది. పట్టాల మీద బండి ఉంటే చూపించాల్సింది ఎర్రదీపం. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన కింద కామెంటు పెట్టాడు: "గడ్డిబండిని పట్టాలమీద ఉంచి రైలుకు దారిచ్చిన నాన్నగారికి దండం. ఎద్దులు క్షేమమేనా అమ్మా?" అందరూ నవ్వారు. ఎద్దుల క్షేమం అడుగుతూ చాలామంది రాశారు. ఆయనే మళ్ళీ సాయంత్రం, "నవ్వులాటకి అన్నాను తల్లీ, నొచ్చుకోకు. రాయడం ఆపకు" అని ఇంకో కామెంటు పెట్టాడు. మంచి మనిషి.

కోడలు నొచ్చుకోలేదు. ఆమెకు వేరే గుబులు పట్టుకుంది. గేటు వేసే వైపు తప్పితేనే ఊరుకోని మనిషి, ఎర్రదీపానికి బదులు పచ్చదీపం చూపిస్తే బాగుందంటుందా?

వెనకగదిలోకి వెళ్ళి అత్తగారి వెనకాల నిలబడింది. "అత్తయ్యా, గుండీ కింద పడింది" అంది మామూలు గొంతుతో. ఆవిడ తల తిప్పలేదు. ఇంకాస్త పైకి అంది. గుండీలు గలగలమంటూనే ఉన్నాయి. పట్టాల పాట అందరికంటే ముందు విన్న చెవులవి. మరుసటి పొద్దున షట్టరు తీయకుండా కోడలు ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు చూసి, వయసుతో వచ్చిందేనన్నాడు. "సన్న గొంతులే ముందు వినబడకుండా పోతాయమ్మా. మీది సన్న గొంతు" అని ఎంతో నెమ్మదిగా, తనదే తప్పన్నట్టు చెప్పాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు. అత్తగారు దాన్ని ఒక్కపూట పెట్టుకుని, "చెవిలో జోరీగను పెంచుకోమంటావా?" అని తీసి గుండీల డబ్బాలో పడేసింది. కోటు గుండీలవైపు.

కోడలు దగ్గరగా వంగి, పెదవులు కనబడేలా, ఒక్కో మాటా ఒత్తి అడిగింది. "వినబడట్లేదని ఎందుకు చెప్పలేదు?"

అత్తగారు డబ్బా మూత సరిచేసింది. "చెప్తే నువ్వు ఈ స్టూలు మీద కూర్చుంటావా? నేరుగా పోయి కుట్టుమిషను ముందు కూర్చుంటావు."

కథ రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. సుద్దగీత లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టినట్టుంది. ఏ ముక్క ఉంచాలో, ఏది తీసేయాలో ఎవరు చెప్తారు? అప్పటికి కథలో తండ్రి వానలో దీపం పట్టుకుని పట్టాల వెంట వెళ్ళాడు, చిన్నపిల్ల గేటు పట్టుకుని ఎదురుచూస్తోంది. అక్కడే ఆపేసి, "కొన్నాళ్ళు కథకు విరామం. మన్నించండి" అని యాప్‌లో రాసింది. మీ ఆరోగ్యం జాగ్రత్త అన్నవాళ్ళు కొందరు, ఆ పిల్లను వానలో వదిలేసి వెళ్తారా అన్నవాళ్ళు కొందరు. ఒకావిడైతే, "మీరొచ్చేదాకా ఆ పిల్లకు నేను గొడుగు పడుతుంటాను" అని రాసింది. అది చదివి కోడలు మిషను మీద తలవాల్చి ఏడ్చింది.

పనిలో పడితే మరిచిపోతాననుకుంది. షట్టరు పెందరాళే తీయడం మొదలుపెట్టింది. అయితే ఏ పొద్దు లోపలికి తొంగిచూసినా ఒకటే దృశ్యం. అత్తగారు స్టూలును మంచం పక్కకు లాగి, చీరకొంగుతో తుడిచి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. పిలిచేది కాదు, అడిగేది కాదు. షట్టరు ఎత్తిన కాసేపటికి స్టూలును మళ్ళీ గోడవారగా జరిపేది. ఇలాగే సాగితే విరామం విరామంగా ఉండదనీ, కథా, ఆ పొద్దులూ రెండూ కలిసే ముగిసిపోతాయనీ కోడలికి రోజురోజుకూ తెలిసిపోతోంది. దేవుడా, ఒక దారి చూపించు అని మిషను తొక్కుతూనే మొక్కుకునేది.

ఎదురింట్లో బస్సు కండక్టరు ఉంటాడు. అతను మాట్లాడితే వీధి చివర కుక్కలు లేచి నిలబడతాయని అందరూ ఎగతాళి చేస్తారు. పాపం, ఏళ్ళ తరబడి ఇంజను చప్పుడు మీద అరిచీ అరిచీ ఆ గొంతు అలా తయారైంది. ఆ పొద్దున అతను డ్యూటీకి బయల్దేరుతూ, రోడ్డుకు అటువైపు నుంచే కేకేశాడు.

"అక్కా, నా సంచీ జిప్పు అయిందా? లేకపోతే చిల్లరంతా ఇవాళ జేబుల్లోనే మొయ్యాలి."

కోడలు నోట్లో సూది ఉండి వెంటనే పలకలేదు. లోపల గుండీల చప్పుడు ఠక్కున ఆగింది. "అయింది నాయనా, నిన్ననే అయింది. వచ్చి పట్టుకుపో" అంది అత్తగారు వెనకగదిలోంచి.

కోడలు సూది తీసి ప్యాంటుకు గుచ్చింది. అతను సంచీ కోసం లోపలికి వచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందక్కా? వేలికి గుచ్చుకుందా?"

"లేదు తమ్ముడూ. నువ్వు చదువుతావా?"

"టిక్కెట్లు చదువుతా, స్టాపుల బోర్డులు చదువుతా. ఏం, ఎవరిమీదైనా అర్జీ రాయాలా?"

"కథ చదవాలి. అత్తయ్యకి. డ్యూటీకి వెళ్ళేముందు ఒక్క కాసేపు. నీ గొంతయితే ఆవిడకు వినబడుతోంది."

అతను సంచీ భుజానికి తగిలించుకుని ఇబ్బందిగా నవ్వాడు. "నేను కథ చదివితే, తర్వాతి స్టాపులో దిగేవాళ్ళు ముందుకు రావాలన్నట్టుంటుందక్కా. ఇంట్లో మీ మరదలు నన్ను దేవుడి పాట కూడా పాడనివ్వదు."

"అలాగే చదువు. దిగేవాళ్ళు ఎవరూ లేరులే."

అతను లోపలికి తొంగిచూశాడు. ముసలావిడ డబ్బాలో చెయ్యి కదపకుండా, అతను ఇంకేమైనా అంటాడేమోనన్నట్టు వాకిలివైపే చూస్తోంది. అతని నవ్వు తగ్గింది. "రేపటినుంచి రానా?" అన్నాడు, తనకు చేతనైనంత మెల్లగా. వీధి చివరిదాకా వినబడే ఉంటుంది.

"రేపే రా. ఇవాళ రాసి ఉంచుతా. ఆ పిల్ల గేటు దగ్గర తడుస్తోంది." ఆమె అతని వెంట గుమ్మందాకా నడిచింది. "చదివేటప్పుడు డబ్బా చప్పుడు ఎక్కడెక్కడ ఆగిందో కాస్త గుర్తుపెట్టుకో. ఇంకొక్కటి తమ్ముడూ, మరిచిపోకు. ఆవిడ తిడితే ఏం ఫర్వాలేదు, నువ్వు చదువుకుంటూ పో. బాగుంది అందనుకో, వెంటనే ఆపేసి నన్ను పిలువు."