ఒండు కింది మన్ను

నాగులమ్మది పూతలపట్టుకు మూడు మైళ్ల దూరాన, గుట్టవాలులో ఉన్న చిన్న పల్లె. పదిహేడవ యేట కాపురానికి వచ్చిన నాటినుండి ఆమె ఎరిగినది ఎకరన్నర మెట్టచేను ఒక్కటే. అందులోని రాళ్లను తానే ఏరి, తానే గట్లుగా పేర్చింది. ఇప్పుడామెకు ఏబది యెనిమిదేండ్లు. ఆమెకూ, భర్త పెంచలయ్యకూ వేరే ఆధారమేదీ లేదు.

అది ఎర్రని గరుగునేల. వాన కురిసిన మూడవ నాటికే తడి ఆరిపోతుంది. అందుచేత చెరువు ఎండిన వేసవులలో దాని అడుగున పేరిన నల్లని ఒండుమన్ను తోలి, చేలలో పరచడం ఆ పల్లెలో తాతలనాటి అలవాటు. ఒండు పడిన చేను వారం పదినాళ్లు తడి విడువదు. కాని మోకాటిలోతు దాటితే నలుపు పోయి, పాలిపోయిన పసుపు మన్ను పడుతుంది. అది చౌడు, తడిసి ఎండితే బండవలె బిగుస్తుంది. ఆ రంగు మారే చోటును కనిపెట్టే నేర్పు నాగులమ్మకు తండ్రివల్ల అబ్బింది. ఆమె "సాలించండబ్బా" అంటే ఎంతటివారి పారయినా ఆగవలసిందే.

మొన్నటి వేసవిలో పారలకు బదులు జేసీబీ దిగింది. ఇంటికి ముప్పై ట్రాక్టర్ల మన్ను, వంతులవారీగా. పన్నెండు దినాలు ఆమె ఎండలో నిలిచి, ఒక్కొక్కరి గుంతనూ చూచి యంత్రాన్ని ఆపించింది. ఆమె వంతు చిట్టచివరిది. పదకొండు ట్రాక్టర్లు నిండేసరికి రంగు మారింది.

యంత్రం నడిపే మునికృష్ణ తల బయటికి పెట్టాడు. "ఏం పెద్దమ్మా, నిలపల్లా? రేపు పొద్దున్నే బండి ఇంకో ఊరికి పోతాది. మళ్లా రాదు."

పడమట మబ్బు కమ్ముకొని ఉంది. పెంచలయ్య గుంతలోకి వంగి చూశాడు. "నువ్వే సెప్పాల. ఊరికంతా సెప్పినదానివి."

"అడుగున నలుపు ఇంకా రవ్వంత ఉండాది గదా మామా. దున్నితే కలిసిపోతాదిలే. పొయ్యనీ."

ఇతరులెవరడిగినా ఆమె నోట రాని మాట అది.

మిగిలిన పంతొమ్మిది ట్రాక్టర్లూ ఆ మన్నుతోనే నిండాయి; దాన్ని చేనంతా పరచి దున్నారు. వాన పడింది. తినకుండా దాచిన విత్తనమంతా విత్తారు. మరునాటి నుండి ఎండ కాసింది. ఎనిమిదవ నాటికి దిగువ చేనిలో శకుంతలమ్మ వేరుశనగ మొలక పచ్చగా సాళ్లు తీరింది. ఆమె గట్టెక్కి వచ్చింది.

"ఏం నాగులక్కా, నీ సెనిక్కాయలు సిగ్గుపడి లోపలే కూసోనుండాయా?" అని నవ్వుతూ వంగి నేలను తాకి, నవ్వు మానింది. "ఇదేందక్కా, సిమెంటు మాదిరి ఉండాదే! మా వంతులో రంగు మారితే బండి నిలిపేస్తివే, నీ వంతులో ఎవురూ నిలపలేదా?"

"నేనే పొయ్యమంటిని."

పెంచలయ్య రేగుకంపను తాడుకు కట్టి చేనంతా ఈడ్చాడు. పైన గీతలు పడ్డాయే గాని, పలకలుగా బిగిసిన పెల్లు పగలలేదు. బోరింగు నుండి బిందెలతో నీళ్లు మోసి ఒక సాలు తడిపారు. మధ్యాహ్నానికి అది మునుపటికంటె గట్టిపడింది. నాగులమ్మ కలుపుపారతో ఒక పెల్లు లేపి చూసింది. కింద మొలకలు పైకి దారిలేక, మెడలు వంచుకొని, పసుపుబారి ఉన్నాయి. కొన్ని అప్పటికే కుళ్లినాయి.

"నేను రేణిగుంటకు పోతా," అన్నాడు పెంచలయ్య. "గోడౌన్లో మూటలు దించేదానికి మనుషులు కావాలంట."

"అరవై దాటినోనికి మూటలిస్తారా?"

"అడిగితే గదా తెలిసేది. విత్తనం పోయె. ఈడ కూసోని ఏం జేద్దాం?"

"విత్తనం ఒక ఏడు పోతాది మామా. ఈ మన్ను ఉంటే చేనే పోతాది. నేను గీకేస్తా."

"ఎకరన్నరా?"

ఆమె మరొక పెల్లు లేపింది. అతడు తెల్లవారి బస్సెక్కాడు.

ఆమె పారతో పైపెల్లును గీకి, గంపకెత్తి, గట్టుదాకా నడిచి ఆగింది. దిగువనుండి శకుంతలమ్మ పరుగున వచ్చింది.

"అక్కా, ఈ పక్క పొయ్యొద్దు! వానొస్తే నా చేన్లోకి దిగుతాది. నీకు దండం పెడతా."

"పొయ్యనమ్మా."

ఎగువన పోస్తే తిరిగి తన చేనికే దిగుతుంది. ఇక మిగిలినది చెరువే. అది పోను అరగంట, రాను అరగంట నడక. గంప నెత్తిన పెట్టుకొని ఆమె అటు తిరిగింది.

సాయంకాలానికి ఆరు గంపలు చెరువు చేరినవి. చేనిలో ఆమె గీకిన చోటు ఒక మంచం పట్టేంత ఉన్నది.